ఆవకాయ సీసా మీద ఉప్పు సంగతి ఎలా రాస్తే జనానికి ఎక్కుతుంది?

చిన్న పచ్చళ్ల తయారీకి లేబుల్ రాస్తున్నాం, సలహా కావాలి. ఆవకాయలో ఉప్పు 15 శాతం. అంటే 100 గ్రాముల్లో ఆ ఉప్పులోని సోడియం దాదాపు 5,900 మిల్లీగ్రాములు. ఈ అంకె చూసి ఎవరికీ ఏమీ అర్థం కాదు, ఎందుకంటే 100 గ్రాముల ఆవకాయ ఒక్కపూట ఎవరూ తినరు. అదే 20 గ్రాముల లెక్కన చెబితే 3 గ్రాముల ఉప్పు, రోజు మొత్తానికి మించొద్దని చెప్పే 5 గ్రాముల ఉప్పులో సగం దాటిపోతుంది.

చిక్కు ఎక్కడంటే, ఈ మాట అందరికీ ఒకేలా చేరదు. బీపీ ఉన్నవాళ్లు పచ్చడి పూర్తిగా మానేసి, అప్పడాలు, ప్యాకెట్ మిక్చర్ మాత్రం యథాతథంగా తింటారు. పెద్దవాళ్లు "మా తాతలు తినలేదా" అని కొట్టిపారేస్తారు. కొందరు తక్కువ సోడియం ఉప్పుతో పెట్టమంటారు. అందులో సోడియం బదులు కొంత పొటాషియం క్లోరైడ్ ఉంటుంది, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ప్రమాదం. పోనీ ఉప్పే తగ్గిద్దామంటే బూజు పడుతుంది.

రెండు స్టిక్కర్లు అనుకున్నాం: ఒకటి "అధిక ఉప్పు" అని ఎర్రగా, రెండోది "అన్నంలోకి అర చెంచా చాలు" అని. చెరో 50 సీసాల మీద అంటించి, మళ్లీ కొన్నవాళ్లను లెక్కపెడితే సరిపోతుందా? మళ్లీ కొనడం చూస్తే అమ్మకం తెలుస్తుంది గానీ ఎంత తిన్నారో తెలియదు కదా. సీసా ఎన్ని రోజులకు అయిపోయిందని అడగడం నయమా? ఇలాంటిది చేసినవాళ్లు ఏ మాట పనిచేసిందో చెప్పండి.