పాత ప్రీమియర్ పద్మినికి ప్రోగ్రామబుల్ ఫ్యూయల్ ఇంజెక్షన్: మన గోదావరి జిల్లాల్లో పెట్టించుకోవచ్చా?

అమలాపురం పద్మిని

నాన్నగారి ప్రీమియర్ పద్మిని ఇంకా నా దగ్గరే ఉంది. 1089 సీసీ ఇంజన్, సోలెక్స్ కార్బొరేటర్. రావులపాలెం, కాకినాడ రోడ్ల మీద తిప్పుతూనే ఉంటాను. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు వచ్చాక యాక్సిలరేటర్ తొక్కగానే ఒక్క క్షణం మిస్ కొట్టి, ఆ తర్వాతే పికప్ అందుకుంటోంది. మే నెలలో అయితే ఎక్కడైనా కాసేపు ఆపానంటే మళ్లీ స్టార్టవడానికి నానా తంటాలు. యానాం వెళ్లి కొట్టించినా తేడా లేదు. స్పీడువినో లాంటి ప్రోగ్రామబుల్ ఈసీయూ (పెట్రోలు ఎంత కొట్టాలో లెక్కగట్టే చిన్న కంప్యూటర్) పెట్టి ఇంజెక్షన్‌కి మార్చేద్దామనుకుంటున్నాను. మంచిదేనా? మొహమాటం లేకుండా చెప్పండి.

పాలకొల్లు సోలెక్స్

మానుకో తమ్ముడూ. ఇథనాల్ కలిసేసరికి మిశ్రమం పల్చబడింది, అంతే. బరువు లెక్కన ఒక పాలు మామూలు పెట్రోలుకి గాలి 14.7 పాళ్లు కావాలి, ఈ20కి 13.5 దగ్గర చాలు. అంటే అదే గాలికి పెట్రోలు ఇంచుమించు 8 శాతం ఎక్కువ వెళ్లాలి. జెట్ (కార్బొరేటర్‌లో పెట్రోలు కొలిచి వదిలే చిన్న ముక్క) రంధ్రం వైశాల్యం 8 శాతం పెరగాలంటే వ్యాసం 4 శాతం పెంచితే సరిపోతుంది. 125 నంబరు జెట్ ఉంటే 130 వేయించు. పంపు డయాఫ్రమ్, రబ్బరు పైపులు ఇథనాల్‌కి తట్టుకునేవి మార్పించు. ఇంత చిన్న పనికి బండంతా వైర్లు లాగడం దేనికి? పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉండనే ఉంది. ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి తేడాగా ఉండకూడదు.

భీమవరం ఇంజెక్టర్

అన్నగారి లెక్క సరైనదేనండీ. కానీ అది మెయిన్ జెట్ లెక్క. తమ్ముడు చెబుతున్నది తొక్కగానే వచ్చే మిస్సింగ్. అది ఐడిలింగ్ జెట్ దగ్గర, యాక్సిలరేటర్ పంపు దగ్గర పుట్టే జబ్బు. ఇన్నేళ్ల కార్బొరేటర్‌లో థ్రాటిల్ షాఫ్ట్ అరిగి పక్కల నుంచి గాలి పీలుస్తూ ఉండొచ్చు. అలా ఉంటే ఏ నంబరు జెట్ వేసినా దారికి రాదు.

ఇక ఎండాకాలం సంగతి. మెకానికల్ పంపు ఇంజన్‌కే బిగించి ఉంటుంది, ట్యాంకు నుంచి పెట్రోలు పీలుస్తుంది. పీలుడుకి లైనులో ఒత్తిడి తగ్గుతుంది, వేడికి అక్కడే ఆవిరి కడుతుంది. ఇంజెక్షన్‌లో పంపు ట్యాంకు దగ్గరుండి 3 బార్ ఒత్తిడితో తోస్తుంది, మిగిలింది రిటర్న్ లైనులో వెనక్కి పోతుంది. ఆవిరి కట్టే అవకాశం బాగా తగ్గిపోతుంది. ఎండలో బండి తిప్పేవాళ్లకి నా దృష్టిలో అసలు లాభం ఇదే. చలికి స్టార్టింగ్ బాగుంటుందనే మాట మన ఊళ్లకి పెద్దగా పట్టదు.

మిశ్రమాన్ని కొలిచి సరిదిద్దడం రెండో లాభం. ఈసీయూ మేనిఫోల్డ్ (ఇంజన్‌లోకి గాలి వెళ్లే గొట్టం) ఒత్తిడి, ఆర్పీఎం, గాలి వేడి చూసి టేబుల్‌లో ఉన్నంత పెట్రోలు కొడుతుంది, సైలెన్సర్ పొగలో ఆక్సిజన్ కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సర్ చెప్పినదాన్ని బట్టి సర్దుతుంది. రేపు ఇథనాల్ పాలు మారినా జెట్లు వెతుక్కోనక్కర్లేదు. కొలవకుండా కార్బొరేటర్ తిప్పడమంటే నీటిలో ఆక్సిజన్ కొలిచే డీఓ మీటరు లేకుండా రొయ్యల చెరువులో ఏరియేటర్లు ఎన్ని తిప్పాలో ఊహించడమే.

అదే మారుతి 800 అయితే ప్రోగ్రామబుల్ వద్దనేవాణ్ణి. కంపెనీవాళ్ల ఎంపీఎఫ్ఐ (ఇంజెక్షన్) సామానే తెచ్చి బిగించేయొచ్చు. పద్మినికి ఆ వీలు లేదు.

చాలామంది చెడగొట్టుకునేది ఇంజెక్టర్ల దగ్గర. పద్మినిది ఇంచుమించు 40 హార్స్‌పవర్. నాలుగు ఇంజెక్టర్లు పెడితే ఒక్కోటి నిమిషానికి 70 సీసీ ఇస్తే చాలు. మామూలు కారు ఇంజెక్టర్లు అంతకి రెట్టింపు పైనే ఇస్తాయి. అవి పెడితే ఐడిలింగ్‌లో తెరుచుకునే సమయం ఒక మిల్లీసెకను దగ్గరకి పడిపోయి ఇంజన్ నిలకడగా ఉండదు. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక బైకులకి చిన్న ఇంజెక్టర్లు వస్తున్నాయి. ఫ్లో కొలిపించి అవి వాడుకోవడం మేలు.

పాలకొల్లు సోలెక్స్

చెప్పడానికి బాగానే ఉందండీ. రాత్రిపూట చించినాడ వంతెన మీద ఆగిపోతే? కార్బొరేటరైతే జెట్ విప్పి ఊదుకుని ఇంటికొచ్చేస్తాం. బైకు మెకానిక్‌ల స్కానర్లు మీ స్పీడువినోతో మాట్లాడవు. నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలికి కొత్త కార్ల కనెక్టర్లే చిలుము పట్టి పచ్చబడుతున్నాయి. నేను చూస్తూనే ఉన్నాను.

భీమవరం ఇంజెక్టర్

ఆ భయం నిజమైనదే. అందుకే ఈసీయూని బానెట్ కింద పెట్టకూడదు, డ్యాష్‌బోర్డు లోపల పెట్టాలి. బయట కనెక్టర్లు రబ్బరు సీలు ఉన్నవే వాడాలి. సెన్సర్ ఎర్తులు బాడీకి ఎక్కడపడితే అక్కడ బిగించకుండా ఈసీయూ దగ్గరికే తేవాలి, ఈసీయూ ఎర్త్ ఇంజన్ బ్లాకుకి ఇవ్వాలి. డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్ల సిగ్నల్‌లో నాయిస్ ఎక్కువ, దాన్ని నమ్ముకోవద్దు. క్రాంక్ పుల్లీకి 36–1 పళ్ల చక్రం (36 పళ్లలో ఒకటి తీసేసినది), ఆ పళ్లు చూసి ఇంజన్ ఎక్కడ తిరుగుతోందో చెప్పే హాల్ సెన్సర్ పెట్టండి. బండికి ఇంకా డైనమోనే ఉంటే ముందు ఆల్టర్నేటర్ వేయించాలి. ఐడిలింగ్‌లో డైనమో పంపునీ ఇంజెక్టర్లనీ మోయలేదు.

ఒక్క విషయంలో మాత్రం రాజీ పడొద్దు తమ్ముడూ. కార్బొరేటర్ పైపుని 3 బార్ లైనుకి వాడకూడదు. ఇంజెక్షన్‌కి పనికొచ్చే హోస్, దానికి తగ్గ క్లిప్పులే ఉండాలి. ఇంజన్ ఆగగానే పంపు ఆగేలా రిలే ఈసీయూ చేతిలోనే ఉండాలి. యాక్సిడెంటై లైను తెగితే పంపు ఇంకా పెట్రోలు చిమ్ముతూ ఉండకూడదు కదా. పాత ట్యాంకులో తుప్పు ఉంటుంది, ఇథనాల్ దాన్ని వదిలిస్తుంది. ట్యాంకు కడిగించి, పంపుకి ముందొకటి, తర్వాతొకటి ఫిల్టర్లు పెట్టకపోతే ఇంజెక్టర్లు మూసుకుపోతాయి.

ఆర్సీ సంగతి: ఇంజన్ నంబరు, సీసీ, ఇంధనం ఏవీ మారవు. అయినా పని మొదలుపెట్టే ముందే ఆర్టీఓ ఆఫీసులో అడగండి. పాత కార్బొరేటర్, మేనిఫోల్డు నూనె రాసి దాచుకోండి.

అమలాపురం పద్మిని

అయితే ఎక్కడ మొదలుపెట్టమంటారు?

భీమవరం ఇంజెక్టర్

సైలెన్సర్ పైపుకి ఆక్సిజన్ సెన్సర్ బిగించే నట్టు వెల్డింగ్ చేయించి, కార్బొరేటర్ ఉండగానే వైడ్‌బ్యాండ్ మీటరు పెట్టి కాకినాడ దాకా నడపండి. ఇంజెక్షన్‌కి వెళ్లినా ఆ సెన్సర్ కావాల్సిందే కాబట్టి డబ్బు వృథా కాదు.

పాలకొల్లు సోలెక్స్

దీనికి నేనూ ఒప్పుకుంటాను. మీటరులో 14.7 చూసి మోసపోకు. అది మామూలు పెట్రోలు లెక్కలో చూపిస్తుంది, లాంబ్డాలో పెట్టి చూడు. ఏ పెట్రోలుకైనా గాలి సరిగ్గా సరిపోతే లాంబ్డా 1, పెట్రోలు తక్కువైతే 1 పైన, ఎక్కువైతే 1 కింద. నిలకడగా నడిపేటప్పుడు 1 చుట్టూ, పూర్తిగా తొక్కినప్పుడు 0.9 కింద ఉండాలి. నిలకడలోనే 1.1 దాటుతుంటే జెట్ తెచ్చుకో, పాలకొల్లు రా, నేనే వేసిపెడతాను. తొక్కిన క్షణంలో మాత్రమే ఎగిరిపడుతుంటే ముందు ఆ షాఫ్ట్ బుష్‌లు చూద్దాం. అవి మార్చినా తగ్గకపోతే భీమవరం బాబుగారి మాట విను.