కోపెన్‌హాగెన్‌లో శని, ఆదివారాలు: మాల్మో కూడా కలపాలా?

కృష్ణాతీరం
అందరికీ నమస్కారం. మేమిద్దరం హాంబర్గ్‌లో ఉంటాం. పెళ్ళిరోజు అక్టోబరు మొదటి వారంలో వస్తుంది. ఆ శుక్రవారం మధ్యాహ్నం రైలెక్కి కోపెన్‌హాగెన్ వెళ్ళి, ఆదివారం రాత్రికి ఇల్లు చేరాలని ఆలోచన. మా ఆవిడ శాకాహారి, గుడ్డు మాత్రం తింటుంది. తనకు టివోలీ తోట (ఆటలు కూడా ఉండే వినోద ఉద్యానం) చూడాలని కోరిక. నాకేమో వంతెన దాటి స్వీడన్‌లోని మాల్మో కూడా చూసేస్తే ఒకే ఖర్చుతో రెండు దేశాలు అయిపోతాయని ఆశ. వెళ్ళివచ్చినవారు సలహా ఇవ్వండి.

ఉత్తరగాలి
ముందు టివోలీ తేదీలు చూసుకోండి. వేసవి సీజను సెప్టెంబరు చివర్లో ముగుస్తుంది, మళ్ళీ హాలోవీన్ కోసం అక్టోబరు మధ్యలో తెరుస్తారు. మీరు చెప్పిన వారం సరిగ్గా ఆ రెంటి నడుమ పడుతోంది. మూసిన గేటు ముందు ఫొటో దిగడానికైతే అంత దూరం అక్కర్లేదు.

పెసరట్టు
మాల్మో తప్పకుండా కలపండి. రైల్లో నలభై నిమిషాలే. 2000లో తెరిచిన ఓరెసుండ్ వంతెన మీద వెళ్ళామని చెప్పుకోవడానికైనా బాగుంటుంది.

తుంగభద్ర
చెప్పుకోవడానికి బాగుంటుంది, చూడటానికే ఏమీ ఉండదు పెసరట్టు గారూ! రైలు పట్టాలు వంతెన కింది అంతస్తులో ఉంటాయి, సముద్రం ఇనుప దూలాల సందుల్లోంచి కనిపిస్తుంది. డెన్మార్క్ వైపు నాలుగు కిలోమీటర్లు సొరంగమే. పైగా హాంబర్గ్ నుంచి కోపెన్‌హాగెన్‌కు రైల్లోనే అయిదు గంటల దాకా పడుతుంది. ఆదివారం రాత్రికి ఇల్లు చేరాలంటే మధ్యాహ్నమే బయలుదేరాలి. చేతిలో మిగిలేది ఒకటిన్నర రోజు. అందులో సగం పూట మాల్మోకు ఇస్తే కోపెన్‌హాగెన్ ఏం చూస్తారు?

మరో మాట. సరిహద్దు తనిఖీలు లేని షెంగెన్ దేశాలే కదా అని ధీమాగా వెళ్ళకండి. జర్మనీ నుంచి డెన్మార్క్‌లోకి వెళ్ళేటప్పుడు పోలీసులు రైలెక్కి పత్రాలు అడుగుతుంటారు. స్వీడన్ వైపూ అంతే. పాస్‌పోర్టు, నివాస అనుమతి కార్డు రెండూ దగ్గర ఉంచుకోండి.

వెస్టర్‌బ్రో వాసి
కోపెన్‌హాగెన్‌లోనే ఉంటాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. మాల్మో విషయంలో తుంగభద్ర గారి మాటే నాదీ.

శనివారం ఉదయం రౌండ్ టవర్‌తో మొదలుపెట్టండి. నాలుగో క్రిస్టియన్ రాజు కట్టించాడు, 1642లో పూర్తయింది. పైకి వెళ్ళడానికి చివరి కొన్ని మెట్లు తప్ప మెట్లే ఉండవు, గోడ వెంట మెలికలు తిరుగుతూ ఎక్కే ఇటుక బాట. 1716లో రష్యా జార్ పీటర్ దాని మీదుగా గుర్రమెక్కే పైకి వెళ్ళాడంటారు. ఈ రాజు కాలంలోనే డేనిష్ వాళ్ళు తమిళనాడులోని తరంగంబాడిలో కోట కట్టారు. మన మచిలీపట్నంలోనూ వాళ్ళ వర్తక స్థావరం ఉండేది. ఇవేమీ తెలియకుండా కూడా టవర్ ఎక్కవచ్చు గానీ, తెలిస్తే ఆ రాజు పూర్తిగా పరాయివాడిలా అనిపించడు.

అక్కడి నుంచి రోసెన్‌బోర్ కోట నడిచే దూరం. పదకొండున్నరకు ఆ పక్క బ్యారక్ నుంచి రాజ భటులు కవాతుగా బయలుదేరుతారు. వాళ్ళ వెనకే నడిస్తే పన్నెండింటికి అమాలియెన్‌బోర్ ప్యాలెస్ ముందు ఉంటారు. రుసుము లేదు, దారి వెతుక్కునే పనీ లేదు.

భోజనానికి నోరెపోర్ట్ స్టేషను పక్కన టోర్వెహాలెర్నె అనే మార్కెట్ ఉంది. రై రొట్టె మీద ఉడికించిన బంగాళదుంప ముక్కలు, ఉల్లికాడ పేర్చి ఇస్తారు, మేడమ్ గారికి సరిపోతుంది. కారం మాత్రం ఆశించకండి. ఏలకుల బన్ను ఏ మంచి బేకరీలోనైనా దొరుకుతుంది, అది తినకుండా రావద్దు. కుళాయి నీళ్ళు నిక్షేపంగా తాగవచ్చు, సీసా కొనడం దండగ. డబ్బు మార్చుకోనక్కర్లేదు, కార్డు అంతటా పనిచేస్తుంది. ఒక యూరోకు దాదాపు ఏడున్నర క్రోన్లు. కాఫీ ధర చూసి గుండె పట్టుకోవడం మొదటి రోజు అందరికీ ఉండేదే.

సైకిళ్ళతో జాగ్రత్త. కాలిబాటకు, రోడ్డుకు మధ్య సైకిలు దారి ఉంటుంది. ఫొటో కోసం అందులో నిలబడితే గంట కొట్టరు, తిట్టేస్తారు.

పెసరట్టు
మాల్మో వదిలేశాను. జలకన్య విగ్రహం సంగతి ఎవరూ చెప్పలేదే?

ఉత్తరగాలి
1913లో పెట్టిన విగ్రహం, ఎత్తు 1.25 మీటర్లు. చుట్టూ నిలబడ్డ జనం అంతకంటే ఎత్తుగా ఉంటారు. నేనైతే వదిలేయమంటాను.

వెస్టర్‌బ్రో వాసి
దాని కోసమే వెళ్ళకండి. హార్బర్ బస్సు అనే పడవ ఉంది, మామూలు సిటీ టికెట్టుతో ఎక్కవచ్చు. నోర్డ్రె టోల్‌బోడ్‌లో దిగి పది నిమిషాలు నడిస్తే విగ్రహం. కనిపించినా కనిపించకపోయినా పడవ ప్రయాణం మిగులుతుంది. నూహావ్న్‌లోని రంగుల ఇళ్ళు కూడా దారిలో చూస్తారు. అక్కడ భోజనానికి మాత్రం కూర్చోవద్దు, ఆ వరుసలో ధర ఎక్కువ, రుచి తక్కువ.

కృష్ణాతీరం
అందరికీ ధన్యవాదాలు. ప్రయాణం అక్టోబరు మధ్యకు మార్చాం. పెళ్ళిరోజు ఇంట్లోనే పాయసంతో కానిచ్చేస్తాం. మాల్మో లేదు, శనివారం రాత్రి టివోలీ. కోపెన్‌హాగెన్ కార్డు కొనాలా?

తుంగభద్ర
రౌండ్ టవర్, రోసెన్‌బోర్, కాలువల పడవ, టివోలీ ప్రవేశం, బస్సు మెట్రోలు అన్నీ అందులో వస్తాయి. ఇవన్నీ ఒకే రోజు చూస్తే 24 గంటల కార్డు గిట్టుబాటే. టివోలీలో ఆటలకు వేరే టికెట్టు. తీరిగ్గా తిరిగే రకమైతే విడివిడిగా కొనుక్కోండి.

వెస్టర్‌బ్రో వాసి
అక్టోబరు మధ్యలో ఇక్కడి బడులకు వారం సెలవులు. టివోలీ పిల్లలతో కిటకిటలాడుతుంది, టికెట్లు ముందే తీసుకోండి. గొడుగు తేవద్దు, గాలికి నిలవదు. టోపీ ఉన్న వానకోటు తెచ్చుకోండి.