సంక్రాంతి పోటీలో అష్టాచెమ్మా: టీవీ తెర మీద ఆడించొచ్చా?

ముగ్గుల_కమిటీ, మియాపూర్:

అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంట్లో సంక్రాంతికి ముగ్గులూ గాలిపటాలూ మామూలే. ఈసారి అష్టాచెమ్మా పోటీ కూడా పెడదామనుకున్నాం, గొడవ అక్కడ మొదలైంది. పేర్లిచ్చినవాళ్ళు చాలామంది. కింద కూర్చోలేని పెద్దవాళ్ళున్నారు. పోయినేడు భోగి నాడు ఊరికే సరదాగా ఆడితేనే, గవ్వ ఒకటి చాప అంచుకి ఆనుకుని పక్కకి నిలబడింది. అది వెల్లకిలా పడ్డట్టా, బోర్లా పడ్డట్టా అని వాదించుకుని రెండు కుటుంబాలు మాట్లాడుకోవడం మానేశాయి. (ఇప్పుడు కలిసిపోయార్లెండి.) అందుకని మా బి బ్లాకు కుర్రాడొకడు ఈ ఆటని కంప్యూటర్లో తయారుచేశాడు. క్లబ్‌హౌస్ టీవీకి తగిలిస్తే 25 గళ్ళ పటం కనిపిస్తుంది. మీట నొక్కితే నాలుగు గవ్వలు దొర్లి పందెం చూపిస్తాయి, పావు తనే నడుస్తుంది. కమిటీలో సగం మంది హమ్మయ్య అంటున్నారు. మిగతా సగం మంది, అలాగైతే పోటీ పేరు మార్చండి అంటున్నారు. మీరేమంటారు?

మణికొండ_కోడర్:

ఇందులో చర్చేముంది? 2020 లాక్‌డౌన్లో ఇల్లిల్లూ ఫోన్లో లూడో కింగ్ ఆడింది. అప్పుడెవరికీ సంప్రదాయం గుర్తురాలేదు. నేను డల్లాస్‌లో ఉన్న మా అక్కతో ఆదివారం పొద్దున్నే ఆడతాను, తనకది శనివారం రాత్రి. నేల మీద గీసుకునే ఆడాలంటే మా ఇద్దరికీ ఆటే లేదు. పటం ఉందా, పావులున్నాయా, పందెం పడుతోందా, అంతే.

నల్లకుంట_పిన్ని:

బాబూ కోడరూ, మీ అక్కతో నువ్వు ఆడుకుంటానంటే ఎవరడ్డం? ఇక్కడ అడుగుతున్నది ఒకే హాల్లో పక్కపక్కన కూర్చునేవాళ్ళ గురించి. ఎదురుగా మనిషిని పెట్టుకుని అందరూ గోడకేసి చూడ్డమెందుకు? మా చిన్నప్పుడు గవ్వలు లేకపోతే చింతగింజల్ని బండ మీద ఒకవైపు తెల్లగా అరగదీసుకుని ఆడేవాళ్ళం. ఇప్పుడు గవ్వలు ఏ పూజాసామాన్ల కొట్లో అడిగినా ఇస్తారు. ముగ్గుపిండి ఎలాగూ కమిటీ దగ్గరే ఉంది. కింద కూర్చోలేనివాళ్ళకి బల్ల మీద సుద్దముక్కతో గీస్తే సరి. దీనికి టీవీ దాకా ఎందుకు?

బారాకట్ట:

మీరు తెర, నేల అని లొల్లి పెట్టుకుంటున్రు గానీ అసలు సంగతి వేరే ఉన్నది. కోడర్ తమ్ముడు లూడో ముచ్చట తెచ్చిండు గదా, అదే చూడుండ్రి. లూడో మన పచ్చీసు నుంచి పుట్టిందే. పచ్చీసుల ఆరు గవ్వలు. అన్నీ బోర్లా పడితే 25, ఒక్కటే వెల్లకిల పడితే 10, ఆరుకు ఆరు వెల్లకిల పడితే 6. ఈ మూడింటికే మళ్ళ ఏసేటందుకు వీలు. నలుగురు కూసుంటే ఎదురెదురు ఇద్దరు ఒక జట్టు. ఫతేపూర్ సిక్రీ కోటల నేల మీద రాళ్ళతోని పరిచిన పెద్ద పచ్చీసు పటం ఇప్పటికీ ఉన్నది. అక్బర్ దాసీలను పావులు చేసి ఆడిండని చెప్తరు, అది కత అనుకున్నా పటమైతే కండ్ల ముందే ఉన్నది. ఇంగ్లండోళ్ళు 1896ల దీన్నే లూడో అని పేటెంటు తీసుకున్నరు. గవ్వలు తీసి పాచిక పెట్టిండ్రు. జట్టు పాయె. ఇరవై అయిదు పాయె. కంప్యూటర్ పుట్టకముందే, అట్ట మీదనే ఆట మారిపోయింది. గందుకే నేనడిగేది ఒక్కటే: బి బ్లాక్ తమ్ముడు తన ఆటల ఏం తీసేసిండు?

హిమాయత్‌నగర్_వకీలు:

మధ్యలో ఒక్క మాట. ఎంట్రీ ఫీజు పెట్టి, వచ్చిన డబ్బులు గెలిచినవాళ్ళకి ఇచ్చే ఆలోచన ఏమైనా ఉందా? ఉంటే మానుకోండి. తెలంగాణలో 2017లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్లో డబ్బు పెట్టి ఆడే ఆటల్ని ఆపేశారు. 2025లో కేంద్రం కూడా చట్టం చేసింది. క్లబ్‌హౌస్ టీవీకి అది వర్తిస్తుందా లేదా అని నన్ను అడిగే పరిస్థితి తెచ్చుకోకండి.

ముగ్గుల_కమిటీ:

అయ్యో, ఫీజేమీ లేదండీ. మొదటి బహుమతి ప్రెషర్ కుక్కరు, అదీ దాత ఇచ్చింది.

లెక్కల_సారు, దిల్‌సుఖ్‌నగర్:

బారాకట్ట గారు అడగాల్సింది అడిగారు. కమిటీవారు నిన్న పెట్టిన లింకులో నేనూ ఆడి చూశాను. అష్టాలూ (ఎనిమిది) చెమ్మాలూ (నాలుగు), అంటే మళ్ళీ వేసే అవకాశమిచ్చే పందేలు, తెగ పడుతున్నాయి. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

ఒక్కో గవ్వ వెల్లకిలా పడటానికీ బోర్లా పడటానికీ సమాన అవకాశం ఉందనుకుందాం. (నిజం గవ్వ అంత నిక్కచ్చిగా పడదు, దాని ఆకారాన్ని బట్టి అటూ ఇటూ అవుతుంది.) నాలుగు గవ్వలు 16 రకాలుగా పడొచ్చు. అన్నీ బోర్లా పడి అష్టా అయ్యేది అందులో ఒక్కటి. అన్నీ వెల్లకిలా పడి చెమ్మా అయ్యేది ఇంకొక్కటి. ఒకటి పడేవి 4, మూడు పడేవి 4, రెండు పడేవి 6. అంటే మళ్ళీ వేసే అదృష్టం 16 సార్లకి రెండు సార్లే. ఈ ప్రోగ్రాం అలా చెయ్యడం లేదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఎనిమిది అని అయిదు చీటీలు రాసుకుని, అందులోంచి ఒకటి తీస్తున్నట్టుంది. అప్పుడు అయిదు సార్లకి రెండు సార్లు మళ్ళీ వెయ్యొచ్చు.

ఫలితం చూడండి. మళ్ళీ వేసిన పందేలు కూడా కలుపుకుంటే, నిజం గవ్వలతో ఒక వంతుకి సగటున మూడు గళ్ళు కూడా రావు. తెర మీద ఆరు గళ్ళు వస్తున్నాయి. ఇంకోటి. వరసగా మూడుసార్లు అష్టానో చెమ్మానో పడితే ఆ పందేలన్నీ మురిగిపోతాయని చాలా ఇళ్ళలో నియమం. గవ్వలతో అది 512 వంతులకి ఒకసారి జరిగే విచిత్రం, జరిగితే పిల్లలు ఏడాదంతా చెప్పుకుంటారు. ఈ ప్రోగ్రాంలో సుమారు 16 వంతులకోసారి జరుగుతుంది. పటం అదే, పావులు అవే. ఆట మాత్రం అది కాదు.

బి_బ్లాక్_కుర్రాడు:

సార్, తయారుచేసింది నేనే. మీ లెక్క కరెక్టు, కానీ అలా కావాలనే పెట్టాను. మొదట నిజం గవ్వల పద్ధతిలోనే రాశాను. మా కజిన్స్‌తో ఆడించి చూస్తే ఆట ఎంతకీ తెమల్లేదు. ఒక్కో పావు బయటి వరస చుట్టి, లోపలి వరస చుట్టి నడిగడిలో పండాలంటే 24 అడుగులు. నాలుగు పావులకి 96. మధ్యలో చస్తే మళ్ళీ మొదటికి. ఒక్కరినైనా చంపందే లోపలికి పోనివ్వరు కూడా. రెండు, ఒకటి, రెండు, మూడు అని పడుతుంటే చిన్నపిల్లలు లేచి గాలిపటాలకి వెళ్ళిపోయారు. అష్టా పడినప్పుడే వాళ్ళు కేక పెడతారు. అందుకే అష్టాలు పెంచాను. మైకు పట్టుకుని ఫైనల్స్ చీకటిపడేలోపు పూర్తిచెయ్యాల్సింది నేనే, మీరు కాదు.

లెక్కల_సారు:

త్వరగా తెమలాలంటే పావులు నాలుగుకి బదులు రెండు పెట్టు నాయనా, గవ్వల జోలికి పోకు. కారణం చెబుతాను. గవ్వల్లో అన్నిటికంటే ఎక్కువగా పడేది రెండు, 16కి 6 సార్లు. కాబట్టి ఎదుటివాడి పావుకి సరిగ్గా రెండు గళ్ళ ముందు ఆగితే చావుని పిలిచినట్టే. అదే నాలుగు గళ్ళ ముందు ఆగితే, వాడికి చెమ్మా పడితే తప్ప భయం లేదు, అది 16కి ఒక్కసారి. ఏ పావు కదపాలి, ఎక్కడ ఆపాలి అని ఆటగాళ్ళు గడ్డం పట్టుకుని కూర్చునేది ఈ తేడా చూసుకునే. నీ ప్రోగ్రాంలో ఒక గడి ముందున్నా, రెండు గళ్ళ ముందున్నా, నాలుగు గళ్ళ ముందున్నా ప్రమాదం ఇంచుమించు ఒకటే. ఇక ఆలోచించడానికి మిగిలిందేమిటి?

ఇదే వైకుంఠపాళి అయితే నేనీ చర్చలోకే వచ్చేవాణ్ణి కాదు. అక్కడ పడింది నడవడమే, ఆడేవాడు తేల్చుకోవాల్సింది ఏమీ లేదు. దాన్ని కంప్యూటర్ ఆడినా, మనిషి ఆడినా పాములకీ నిచ్చెనలకీ తేడా తెలీదు.

నల్లకుంట_పిన్ని:

సారుగారూ, మీ పదహార్లూ అయిదువందల పన్నెండ్లూ నాకు ఎక్కలేదు గానీ, ఆ రెండో గడి సంగతి పెళ్ళైన కొత్తలోనే మా అత్తగారు చెప్పారు. "దాని ముక్కు కింద నిలబడకే, రెండు పడుతుంది" అనేవారు. అన్నట్టుగానే పడేది. ఆవిడ గవ్వల్ని అరచేతిలో ఓ వరసలో సర్దుకుని వేసేవారు, మూడు కావాలంటే మూడే పడేది చాలాసార్లు.

మణికొండ_కోడర్:

పిన్నిగారూ, దాన్ని మా ఊళ్ళో తొండి అంటారు. మీ అత్తగారు లాంటివాళ్ళు కూర్చుంటే కొత్తగా నేర్చుకున్న పిల్లకి గెలుపెక్కడ? కంప్యూటర్‌కి అలాంటివేవీ ఉండవు, అందరికీ ఒకేలా వేస్తుంది. సారు చెప్పిన లోపం దిద్దడం కూడా పెద్ద పనేం కాదు. అంకెని కాకుండా గవ్వని తీసుకోవాలి. నాలుగు గవ్వల్ని నాలుగు సార్లు విడివిడిగా వెల్లకిలానా బోర్లానా అని తిప్పి, తర్వాత లెక్కపెడితే పందెం సరిగ్గా వస్తుంది. నాలుగు లైన్ల పని. అది చేశాక కూడా మీకు అభ్యంతరం ఉంటే, అది ఆట గురించి కాదు, టీవీ గురించి.

నల్లకుంట_పిన్ని:

క్యారమ్స్‌లో గురి ఉన్నవాణ్ణి కూడా తొండివాడంటావా? గవ్వలు వెయ్యడం కూడా ఆటలో భాగమే. నీ మీట ఎవరు నొక్కినా ఒకటే, చంటాడు నొక్కినా ఒకటే. అదే నాకు నచ్చంది.

సైనిక్‌పురి_కోడలు:

ఎవరు నొక్కినా ఒకటే కావడం కొంతమందికి చాలా పెద్ద సంగతండీ. మా మామగారికి చేతులు వణుకుతాయి. గవ్వలు వేస్తే ఒకటి సోఫా కిందకి, ఒకటి గుమ్మం దాకా. వాటిని పిల్లలు పరిగెత్తి ఏరి తెచ్చి చేతిలో పెట్టిన ప్రతిసారీ ఆయన మొహం చిన్నబోయేది. చివరికి మోకాళ్ళ నొప్పులని చెప్పి ఆడ్డమే మానేశారు. ఇప్పుడు టాబ్ మీద ఆడుతున్నారు. మనవరాలి పావుని చంపి, దాన్ని ఏడిపించి, మళ్ళీ ఆడదాం అంటున్నారు. చేత్తో వేస్తేనే ఆట అని పోటీలో నియమం పెడితే ఆయన కుర్చీలో కూర్చుని చప్పట్లు కొట్టాలి.

బారాకట్ట:

కోడలమ్మా, మీ మామగారికి మీటనే పెట్టాలె, దానికి ఎవ్వరూ అడ్డం రారు. పిన్నిగారు కూడా రారు.

తమ్ముడూ, నేను సుత నీ ఆట ఆడి చూసిన. గవ్వల లెక్క కన్నా నాకు కోపమొచ్చింది వేరేకాడ. నా మూడు పావులు పండినయి. నాలుగోది ఇంటూ గీసిన గడిల నిమ్మళంగ ఉన్నది, దాన్ని అక్కడ ఎవ్వడూ ముట్టలేడు. రెండు పడ్డది. నీ కంప్యూటర్ నన్ను అడగకుంటనే దాన్ని బయటకు గుంజింది. ఎంటనే ఎదుటోడు సంపిండు. పచ్చీసుల అయితే పడ్డ పందెం నాకొద్దని ఊకునే హక్కున్నది. మా దిక్కు ముసలోళ్ళు పావును ఆఖరి కట్టల, అంటే ఎవ్వరూ సంపలేని గడిల, నిలబెట్టి, ఇరవై అయిదు పడేదాక దాన్ని కదపనే కదపరు. సారు లెక్కల ఆరు గవ్వలకు అది 64 సార్లకు ఒక్కసారి. ఎదుటోళ్ళు తిట్టినా, చాయ్ చల్లారినా కదపరు. నీ ఆటల ఊకునే మీట ఏడున్నది?

బి_బ్లాక్_కుర్రాడు:

అన్నా, అది పచ్చీసు రూలు. మా ఇంట్లో అష్టాచెమ్మాకి వద్దనే హక్కు లేదు, పడితే నడవాల్సిందే. నేను మా అమ్మమ్మ రూల్స్‌తో రాశాను. మీరు మీ ఇంటి రూల్స్ అడుగుతున్నారు. లింకు పెట్టినప్పటి నుంచి ఇదే వరస. చెమ్మా పడితేనే పావు ఇంట్లోంచి బయటికి రావాలని ఒకరు, అక్కర్లేదని ఒకరు. నేల మీద ఆడితే నలుగురూ మొదట్లోనే మాట్లాడుకుని ఒప్పుకుంటారు. కంప్యూటర్‌కి ఎవరో ఒకరి ఇంటి రూలు ముందే రాసిపెట్టాలి. ఎవరింటిది రాయమంటారు?

లెక్కల_సారు:

మొదలుపెట్టే ముందు అడిగేలా రాయి. వద్దనే హక్కు ఉందా లేదా, మూడు వరసగా పడితే మురుగుతుందా లేదా, ఒకే గడిలో కలిసి నిలబడ్డ జోడీ పావుల సంగతేమిటి అని తెర మీద వరసగా చూపించు. ఆడేవాళ్ళు మాట్లాడుకుని గుర్తు పెడతారు. లూడో అమ్మేవాళ్ళు చెయ్యనిది ఇదే. వాళ్ళు ఒకే రూలు లక్షల ఫోన్లలో పెట్టేసరికి, పిల్లలు అదే అసలు రూలనుకుంటున్నారు. మా క్లాసులో ఒకడు, పాచిక లేకుండా అష్టాచెమ్మా ఎలా ఆడతారు సార్ అని అడిగాడు.

ముగ్గుల_కమిటీ:

అందరివీ చదివాం. ప్రస్తుతానికి ఇలా అనుకుంటున్నాం. పెద్దల పోటీలో గవ్వలు చేత్తోనే, స్టీలు పళ్ళెంలో వేస్తారు. పడిన పందెం కుర్రాడు నొక్కితే టీవీలో పావు నడుస్తుంది, వెనక కుర్చీల్లో ఉన్నవాళ్ళకీ కనిపిస్తుంది. చెయ్యి సహకరించనివాళ్ళు మీట నొక్కొచ్చు, అయితే ఒక్కో గవ్వ విడిగా పడే పద్ధతిలో. మనిషికి రెండే పావులు. పిల్లల పోటీకి మాత్రం కుర్రాడి వేగం పద్ధతే ఉంచుతాం, లేకపోతే వాళ్ళు కూర్చోరు. మిగతా రూల్స్ ఆ పూట బల్ల దగ్గర తేల్చుకోండి.

నల్లకుంట_పిన్ని:

స్టీలు పళ్ళెంలో గవ్వలు ఎగిరి అవతల పడతాయి. కింద గుడ్డయినా పరవండి.

లెక్కల_సారు:

పిల్లల పోటీ సంగతికి నేను ఒప్పుకోను. సరైన గవ్వలు నేర్చుకోవాల్సింది వాళ్ళే కదా. వాళ్ళకీ రెండేసి పావులిచ్చి చూడండి, కూర్చుంటారు.

బారాకట్ట:

జోడీని ఒంటి పావు సంపొద్దు. ఆ రూలు బల్లకాడ తేల్చుకునుడు కాదు, ఇప్పుడే రాయుండ్రి. లేకుంటే నేను రాను.

మణికొండ_కోడర్:

మా ఇంట్లో చంపొచ్చు.