స్లైడ్ బ్లూస్‌కి రెజొనేటర్ గిటార్: ఏది తీసుకోవాలి?

స్లైడ్‌పిచ్చి: బాటిల్‌నెక్ బ్లూస్ (వేలికి తొడిగిన గొట్టం, అంటే స్లైడ్, తీగల మీద జార్చి వాయించేది) కోసం రెజొనేటర్ (లోపలి లోహపు కోన్‌తో శబ్దం పెంచే గిటార్) చూస్తున్నా. కోన్ మీద చెక్కబిళ్ల ఉండే బిస్కెట్టా, లోహపు కాళ్ల బ్రిడ్జి ఉండే స్పైడరా, మూడు కోన్ల ట్రైకోనా? మెటల్ బాడీయా, చెక్కదా? శబ్దాన్ని యాంప్లిఫయర్‌కి పంపే పికప్ ఉన్నదే కొనాలా? వాయించేది ఓపెన్ జీ, ఓపెన్ డీ ట్యూనింగుల్లో (ఖాళీ తీగలే ఒక కార్డ్ పలికేలా).

డెల్టా_30: 9.5 అంగుళాల బిస్కెట్ కోన్, స్టీల్ బాడీ. ఇంకేం ఆలోచించొద్దు. పాత బ్లూస్ గాయకులు సన్ హౌస్, బుకా వైట్ వాయించిన నేషనల్ కంపెనీ డూలియన్ అదే. మీటగానే గట్టిగా పలికి వెంటనే ఆగిపోతుంది. బొటనవేలితో బేస్ నడుపుతున్నప్పుడు కావాల్సింది ఆ ఆగడమే. స్పైడర్ బ్లూగ్రాస్ (అమెరికా జానపద శైలి) వాళ్లకి వదిలెయ్యండి.

మూడుకోన్లు: అంటే టాంపా రెడ్ వాయించింది బ్లూస్ కాదా? ఆయనది బంగారు పూత ట్రైకోన్. ఆరంగుళాల కోన్లు మూడు, వాటి మీద టీ ఆకారం బ్రిడ్జి. స్వరం ఎక్కువసేపు నిలుస్తుంది. ఒంటి తీగ మీద పాట పలికించడానికి దాన్ని మించింది లేదు. ధరే ఎక్కువ.

వీణ_వంశీ: మన గోటువాద్యంలా పడుకోబెట్టి వాయించొచ్చా అండీ?

డెల్టా_30: దానికి చదరపు మెడది వేరే ఉంటుంది. మెడ పైచివర తీగలు ఆనే నట్ దగ్గరే అవి బాగా ఎత్తులో ఉంటాయి, ఫ్రెట్ మీద వేలు నొక్కలేరు. ఈయనకి కావాల్సింది గుండ్రటి మెడ.

కోన్‌డాక్టర్: కోన్లు మార్చడమే నా పని, కాబట్టి చెప్తున్నా. సెటప్ కుదరకపోతే ఎంత ఖరీదైనదైనా రేకుడబ్బానే. 12వ ఫ్రెట్ దగ్గర ఆరో తీగ 3 మి.మీ., మొదటిది 2.3 మి.మీ. ఎత్తుండాలి. తీగల మందం 0.016 నుంచి 0.056 అంగుళాలు. సన్నవి వేస్తే స్లైడ్ ఫ్రెట్లకి కొట్టుకుంటుంది, కోన్ మీద ఒత్తిడీ చాలదు.

మూడుకోన్లు: ఆ తీగలతో ఎవరైనా ఓపెన్ ఏ ట్యూనింగ్‌కి బిగిస్తే? పాత నేషనళ్లలో మెడ వంపు సర్దుకునే ట్రస్ రాడ్ ఉండదు, మెడ వంగుతుంది. గుడ్డిగా సలహాలివ్వకండి.

కోన్‌డాక్టర్: ఆయన రాసింది జీ, డీ. రెండూ తీగలు దించే ట్యూనింగులే. ముందు ప్రశ్న చదవండి!

చెవిపోటు: నాది కొత్త బిస్కెట్. మూడో తీగ ఖాళీగా మీటితే జుయ్యిమంటోంది. బ్రిడ్జి మీద తీగలు ఆనే శాడిల్ ఎత్తు పెంచాలంటున్నారు షాపులో.

డెల్టా_30: నిజమే కదా. శాడిల్ పొట్టిదైతే దాని మీద తీగల వంపు తగ్గి బజ్ వస్తుంది.

కోన్‌డాక్టర్: వస్తుంది, కానీ అలాంటప్పుడు సాధారణంగా అన్ని తీగలూ నీరసంగా పలుకుతాయి. ఒక్క స్వరానికే జుయ్యంటే ముందు కోన్ మీది రేకుమూత, అంటే కవర్‌ప్లేట్, స్క్రూలు చూడండి. వదులైనవి బిగించండి, మరీ బిగించొద్దు. తీగల చివర్లు పట్టుకునే టెయిల్‌పీస్ కవర్‌ప్లేట్‌కి తగులుతుంటే మధ్యలో తోలుముక్క పెట్టండి. అప్పటికీ పోకపోతేనే కోన్ దాకా వెళ్లండి. తీగలు కొంచెం వదులు చేసి తీగల్ని మెడకి అదిమిపట్టే కేపో బిగిస్తే, టెయిల్‌పీస్‌తో సహా తీగలన్నీ ఒకేసారి పక్కకి వస్తాయి. కోన్ అంచు గూట్లో చుట్టూ సమంగా కూర్చుందా, కింద దుమ్మూ రంపప్పొట్టూ ఉన్నాయా చూడండి. మధ్యలో మాత్రం వేలితో నొక్కొద్దు, పల్చటి అల్యూమినియం, లోపలికి పోతుంది.

మూడుకోన్లు: స్లైడ్ ఏదో కూడా చెప్పాలిగా. ఇత్తడిది బరువు, స్వరం నిలుస్తుంది. గాజు మెత్తగా పలుకుతుంది. ఏదైనా చిటికెన వేలికే. మిగతా మూడూ ఫ్రెట్లు పట్టడానికి ఖాళీగా ఉండాలి.

స్లైడ్‌పిచ్చి: పికప్ సంగతి ఎవరూ చెప్పలేదు.

డెల్టా_30: ఇంట్లో వాయించడానికి అక్కర్లేదు, ఆ డబ్బుతో మంచి కోన్ వస్తుంది. స్టేజీ మీదైతే మెడ చివర అతికించే పల్చటి మాగ్నెటిక్ పికప్. బిస్కెట్ కింద పెట్టే, కంపనాలు పట్టే పీజో పికప్‌లో స్లైడ్ చప్పుడంతా వినిపిస్తుంది.