అక్టోబర్ 31కి ముగిసేలా దెయ్యాల పుస్తకాలు: ఈ వరస నిలుస్తుందా?

హాలోవీన్ నెలకి చదవాల్సిన పుస్తకాల వరస వేస్తున్నాను. రెండు మూడు చోట్ల తేలడం లేదు, చదివినవాళ్లు దయచేసి చెప్పండి.

ప్రధానంగా పెట్టుకున్నది 'డ్రాక్యులా' (1897). మొత్తం 27 అధ్యాయాలు. అక్టోబర్ 5న మొదలుపెట్టి రోజుకొకటి చదివితే సరిగ్గా 31 రాత్రికి పూర్తవుతుంది. మొదటి నాలుగూ డ్రాక్యులా కోటకి వెళ్లిన యువ లాయర్ జోనథన్ రాసుకున్న డైరీ. అతను గడ్డం గీసుకుంటుంటే వెనకే నిలబడ్డ కౌంట్ డ్రాక్యులా అద్దంలో కనబడడు, ఆ ఒక్క ఘట్టం చాలు ఒళ్లు జలదరించడానికి. ఐదో అధ్యాయంలో ఇద్దరు స్నేహితురాళ్ల ఉత్తరాలు మొదలై బిగి సడలుతుంది. ఏడులో డిమీటర్ ఓడ లాగ్‌బుక్ వచ్చేదాకా మళ్లీ ఆ భయం రాదు.

ఐదు, ఆరు, ఏడు ఒకే రాత్రి చదివేయడం మంచిదా? లేక 9, 10 తేదీల్లో దెయ్యాల కథల రచయిత ఎం.ఆర్. జేమ్స్ 1904 సంపుటిలోని 8 కథల్లోంచి చెరొకటి కలపాలా? కలిపితే ఏవి?

చివరి వారాంతానికి 'ది టర్న్ ఆఫ్ ది స్క్రూ' (1898) అనుకున్నాను. చిన్నదే, కానీ వాక్యాలు చాంతాడంత. నిద్రమత్తులో చదివితే దెయ్యాలు నిజమా, కథ చెప్పే పంతులమ్మ భ్రమా అన్న సందేహమే అందదు. దాని బదులు 'ది హాంటింగ్ ఆఫ్ హిల్ హౌస్' (1959) నయమా?

తెలుగులో చేతబడి, క్షుద్రపూజలు కాకుండా, దెయ్యం ఉందో లేదో తేల్చకుండా వదిలేసే కథలు కావాలి. పేరు, దొరికే చోటు, సుమారు పేజీలు రాయండి.