పది నిమిషాల పనిని కొత్తవాళ్ల కోసం వదిలిపెట్టాలా?

స్వర్ణముఖి (చర్చ మొదలుపెట్టినవారు)

తిరుపతిలో మేం ముగ్గురం కలిసి ఒక తెలుగు స్పెల్‌చెకర్ నడుపుతున్నాం. ఓపెన్ సోర్స్, అంటే దీని కోడ్‌ను ఎవరైనా చూడొచ్చు, మార్చొచ్చు. లిబ్రెఆఫీస్, ఫైర్‌ఫాక్స్ వాడే హన్‌స్పెల్ ఇంజన్ మీదే పనిచేస్తుంది. ముగ్గురికీ ఉద్యోగాలున్నాయి కాబట్టి రాత్రుళ్లూ ఆదివారాలూ కూర్చుని చేస్తాం. ఇప్పుడు ఒకరింట్లో పసిబిడ్డ, ఇంకొకరు హైదరాబాద్ వెళ్లిపోతున్నారు. కొత్తవాళ్లు రాకపోతే ఇది ఆగిపోతుంది. ఈ మాట రాస్తుంటేనే నాకు గుండె బరువుగా ఉంది.

విషయం ఇది. 'తిరుపతిలోనే' అని టైప్ చేస్తే కింద ఎర్రగీత వస్తోంది, ఎందుకంటే 'లోనే' మా నియమాల ఫైల్‌లో లేదు. ఒక్క వరుస చేరిస్తే సరిపోతుంది, నాకైతే పది నిమిషాల పని. కానీ నేను చేయలేదు. 'గుడ్ ఫస్ట్ ఇష్యూ' అనే లేబుల్ పెట్టి, కొత్తగా వచ్చేవాళ్లు మొదలుపెట్టడానికి పనికొస్తుందని వదిలాను. ఐదు వారాలైంది, ఎవరూ ముట్టుకోలేదు. మాలో ఒకరికి కోపం వచ్చింది. "వాడేవాళ్లు రోజూ ఆ ఎర్రగీత చూస్తున్నారు. నువ్వేమో దాన్ని పాఠం కోసం దాచిపెట్టావు" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

ఇలాంటి చిన్న పనులను కొత్తవాళ్ల కోసం అట్టే ఉంచాలా, వెంటనే చేసేయాలా? ఇంకోటి, డిసెంబర్‌లో కాలేజీలకు వెళ్లి సర్టిఫికెట్ ఇస్తామని చెప్పి పిల్లలను పిలుద్దామనే ప్రతిపాదన కూడా ఉంది. మీరేమంటారు?

రేణిగుంట జంక్షన్

ఆ కోపం వచ్చింది నాకే. అందరి ముందూ చెప్తాను, తప్పేం లేదు.

తప్పు కనబడితే దిద్దాలి. మన స్పెల్‌చెకర్ వాడేది ప్రోగ్రామర్లు కాదు, డీటీపీ సెంటర్లలో పెళ్లి పత్రికలు కొట్టేవాళ్లు, అర్జీలు టైప్ చేసేవాళ్లు. సరైన మాటకు ఎర్రగీత పడితే తామే తప్పు రాశామేమో అనుకుని మాటను మార్చేస్తారు. ఐదు వారాల్లో ఎన్ని సరైన మాటలను మనం చెడగొట్టి ఉంటాం?

సర్టిఫికెట్ సంగతి. హాక్టోబర్‌ఫెస్ట్ అందరికీ గుర్తుండే ఉంటుంది. డిజిటల్ఓషన్ అనే కంపెనీ 2014లో మొదలుపెట్టింది. అప్పట్లో అక్టోబర్‌లో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు నాలుగు పుల్ రిక్వెస్టులు, అంటే 'నా మార్పు చేర్చుకోండి' అనే అభ్యర్థనలు, పంపితే టీషర్ట్ ఇచ్చేవారు. 2020లో ఏమైంది? ప్రాజెక్టు పరిచయం రాసే రీడ్‌మీ ఫైళ్లలో అర్థం లేని మాట ఒకటి చేర్చి పంపినవాళ్లతో, ప్రాజెక్టులు నడిపే మెయింటెయినర్లకు ఊపిరాడలేదు. చివరికి అక్టోబర్ 3న నియమం మార్చారు, తామే ముందుకొచ్చి ఒప్పుకున్న ప్రాజెక్టులకు పంపినవే లెక్కలోకి వస్తాయని. అది పెద్ద ప్రాజెక్టుల కష్టం. ముగ్గురున్న మనకు అలాంటి వారం ఒక్కటి వస్తే చాలు, వచ్చే మూణ్ణెల్లు ఏ పనీ జరగదు.

స్వర్ణముఖి మనసు నాకు తెలుసు. కానీ మనిషిని పిలవడానికి తప్పును ఎరగా పెట్టకూడదు.

పుత్తూరు పాప

అన్నా, నేను బీటెక్ మూడో సంవత్సరం. మా వైపు నుంచి కూడా చెప్పనివ్వండి.

నేను మొదటి పుల్ రిక్వెస్ట్ పంపింది ఒక పెద్ద ప్రాజెక్టుకి. పేరు వద్దు. అందులో కూడా 'గుడ్ ఫస్ట్ ఇష్యూ' లేబుల్ చూసే వెళ్లాను. పని నిజంగా చిన్నదే. కానీ దాన్ని నా ల్యాప్‌టాప్‌లో నడిపించడానికి మూడు ఆదివారాలు పట్టింది. 4 జీబీ ర్యామ్, హాస్టల్ వైఫైలో సగం సైట్లు తెరుచుకోవు, డౌన్‌లోడ్లన్నీ ఫోన్ డేటాతోనే. మూడో ఆదివారం రాత్రి అది నడిచినప్పుడు నిజంగా ఏడ్చాను. మార్పు చేసి పంపాను. ఆ తర్వాత 47 రోజులు ఒక్క మాట రాలేదు. రోజూ పొద్దున లేవగానే ఫోన్‌లో చూసేదాన్ని. నా ఇంగ్లీష్ బాలేదేమో, ఏమైనా తప్పుగా రాశానేమో అని టెన్షన్. 48వ రోజు కంప్యూటర్ తనంతట తానే పంపిన సందేశం వచ్చింది, చాలా కాలంగా కదలిక లేదు కాబట్టి మూసేస్తున్నామని. కదలాల్సింది నేను కాదు కదా అన్నా.

తర్వాత ఇంకో చిన్న ప్రాజెక్టుకి పంపాను. మర్నాడే జవాబు వచ్చింది. "ఇందులో రెండు తప్పులున్నాయి, కానీ మీరు పట్టుకున్న లోపం నిజమే, థాంక్స్" అని. ఆ రెండు తప్పులూ ఆ రాత్రే దిద్దాను. ఇప్పటికీ అక్కడే పనిచేస్తున్నాను. ఆ పని చిన్నదా పెద్దదా అని నేను ఆలోచించనే లేదు.

కాబట్టి మీ ఇద్దరి వాదనలోనూ ముఖ్యమైనది తప్పిపోతోందని నాకనిపిస్తోంది. వదిలిపెట్టారా చేసేశారా అన్నది తర్వాత. వచ్చిన మనిషికి ఎవరు, ఎన్ని గంటల్లో పలుకుతారు?

సర్టిఫికెట్ గురించి ఒక్క మాట. దాన్ని చిన్నచూపు చూడకండి. మా ఇంట్లో ఆదివారం పొద్దంతా ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే ఎందుకని అడుగుతారు. చూపించడానికి ఒక కాగితం ఉంటే అమ్మ ఊరుకుంటుంది. కాగితం కోసం వచ్చినవాళ్లంతా పని చేయరని అనుకోవద్దు.

అలిపిరి మెట్లు

పుత్తూరు పాప చెప్పింది చదివాక నాకు కొండ మీద శ్రీవారి సేవ గుర్తొచ్చింది. నేను రెండుసార్లు వెళ్లాను. 2000లో మొదలైన ఆ సేవకు ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. బ్యాంకు మేనేజర్ పక్కనే రైతు కూర్చుని అన్నప్రసాదానికి కూరగాయలు తరుగుతాడు. వెళ్లిన రోజే మనకొక స్కార్ఫ్ ఇస్తారు, ఎక్కడ, ఎన్ని గంటలకు, ఏ పని అనేది చెప్తారు. ఏం చేయాలో తెలియక నిలబడాల్సిన అవసరం రాదు. నేను మొదటిసారి వంకాయలు తరిగాను, రెండోసారి క్యూలో మంచినీళ్లిచ్చాను. ఆ పని నేను లేకపోయినా జరుగుతుందని నాకు తెలుసు. అయినా నా పని అని చేశాను.

స్వర్ణముఖీ, లేబుల్ పెట్టడం అంటే గేటు తీసి లోపలికి వెళ్లిపోవడం లాంటిది. గేటు దగ్గర నిలబడి "రండి, ఇక్కడ కూర్చోండి, కత్తి ఇదిగో" అనే మనిషి లేడు. ఐదు వారాలు ఎవరూ రాలేదంటే కారణం అదే అనుకుంటా.

రేణిగుంట జంక్షన్

పోలిక బాగుంది, కానీ సగమే సరిపోతుంది. కొండ మీద పని పంచడానికి జీతం తీసుకునే ఉద్యోగులున్నారు, సేవాసదన్ ఉంది. మేం ముగ్గురం. ఆ గేటు దగ్గర నిలబడే మనిషి కోడ్ రాయడం మానేయాలి.

హన్‌స్పెల్ సంగతి తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. ఇది హంగేరియన్ భాష కోసం పుట్టింది. ఆ భాష కూడా మన తెలుగు లాగే మాట వెనక మాట అతికించుకుంటూ పోతుంది. అందుకే ప్రత్యయాలను రెండు పొరల వరకు విడదీయగలదు. మనకు రెండు చాలవు. 'వెళ్లినవాళ్లకోసమేనట' అన్నది మన నోట ఒక్క ఊపిరిలో వచ్చే మాట. దాన్ని ఆ రెండు పొరల్లో ఇమడ్చడానికి నియమాలు ఎలా రాయాలో నాకు అర్థమవడానికే నాలుగు నెలలు పట్టింది. కొత్తవాళ్లకు నేర్పాలంటే పక్కన కూర్చోవాలి. కొత్తవాళ్లతో ఓపెన్ సోర్స్ పని చేయించే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ 2005 నుంచి నడుస్తోంది, అక్కడ కూడా వచ్చినవాళ్లకు దారి చూపే మెంటర్ ఉండాల్సిందే. నేర్పడం ఖరీదైన పని. ఆ ఖరీదు ఎవరు పెట్టుకుంటారు అన్నదే నా ప్రశ్న.

రిటైర్డ్ తెలుగు పండిట్, చిత్తూరు

నాయనా, నాకు కోడు రాదు. ముప్పై ఏళ్లు జిల్లాపరిషత్ హైస్కూళ్లలో తెలుగు చెప్పాను. మా మనవడు ఈ స్పెల్‌చెకర్ ఎక్కించి ఇచ్చాడు. మా వైపు వంటల గురించి రాస్తున్నాను కాబట్టి రోజూ వాడతాను.

'ఉర్లగడ్డ' అని కొడితే ఎర్రగీత. 'ఎర్రగడ్డ'కు ఎర్రగీత. 'ఊరిబిండి', 'పితికిపప్పు', 'బొరుగులు', 'అనపకాయ', అన్నిటికీ ఎర్రగీతే. బంగాళదుంప, ఉల్లిపాయ, మరమరాలు అని రాస్తే మాత్రం గీత లేదు. మా అమ్మ జీవితంలో ఒక్కసారి కూడా బంగాళదుంప అనలేదు. ఆమె మాట తప్పని ఒక యంత్రం రోజుకు ఇరవైసార్లు గీత గీసి చెప్తుంటే నాకు బాధ కలిగింది. బడిలో కూడా మేం ఇదే తప్పు చేశాం, పిల్లల నోటి మాటకు ఎర్రసిరాతో గీత కొట్టాం. నేనూ కొట్టాను.

నా దగ్గర నోటు పుస్తకంలో ఆరువందల పైచిలుకు మాటలున్నాయి, పలమనేరు వైపువి, పుంగనూరు వైపువి, అర్థాలతో సహా. మీకు పంపుదామని చూస్తే మీ కోడు ఉండే గిట్‌హబ్ సైట్‌లో ఖాతా తెరవమంది, ఫోర్క్ చేయమంది, బ్రాంచ్ అంది. మూడు రోజులు ప్రయత్నించి వదిలేశాను. మీరు వాదించుకునే చిన్న పనులన్నీ కోడు వచ్చినవాళ్లకే. మాటలు ఇవ్వడానికి గిట్ ఎందుకు నేర్చుకోవాలి? మాటలున్నది మా దగ్గర కదా.

స్వర్ణముఖి

సార్, మీ పోస్టు మూడుసార్లు చదివాను. మా పదాల జాబితాలో ఎక్కువ భాగం పత్రికల నుంచి, వికీపీడియా నుంచి తీసుకున్నదే. అక్కడ లేని మాట మాకూ లేదు. చిత్తూరు జిల్లాలో పుట్టి, ఉర్లగడ్డ కూర తిని పెరిగి, అది మా జాబితాలో లేదని చూసుకోలేదు. క్షమించండి.

కొత్తవాళ్లు రావట్లేదని నేనింతకాలం అనుకున్నాను. మీరు మూడు రోజులు తలుపు కొట్టారు.

శనివారం వచ్చి వెళ్లేవాడు

బెంగళూరులో పనిచేస్తాను, వారం వారం చిత్తూరు వస్తాను. ఒక హెచ్చరిక చెప్పాలి, చర్చ తలుపులు బార్లా తీయడం వైపు వెళ్తోంది కాబట్టి.

2024 మార్చిలో ఎక్స్‌జెడ్ యుటిల్స్‌లో దొంగదారి బయటపడింది. ఫైళ్లను కుదించే చిన్న లైబ్రరీ, లినక్స్ వ్యవస్థల్లో దాదాపు ప్రతిచోటా ఉంటుంది. దాన్ని ఏళ్లుగా మోస్తున్నది ఒక్క మనిషి. అలసిపోయాడు. 2021 నుంచి ఒక కొత్త వ్యక్తి ఓపిగ్గా మంచి మంచి మార్పులు పంపాడు. ఇంకొన్ని ఖాతాల నుంచి "మీకు ఓపిక లేకపోతే బాధ్యత ఇంకొకరికి ఇవ్వండి" అని ఒత్తిడి వచ్చింది. చివరికి ఆ కొత్త వ్యక్తికి అధికారం ఇచ్చారు. 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగకోడ్ చేరింది. దూరాన ఉన్న కంప్యూటర్‌లోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటా అని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్ తవ్వి చూడబట్టి దొరికింది.

కొత్తవాళ్లను అనుమానించమని దీనికి అర్థం తీయకండి. ఒక్క మనిషి మీద అంత బరువు పడటమే అక్కడ దారి తీసింది. మీరు కూడా ఇప్పుడు అదే దారిలో ఉన్నారు, ముగ్గురిలో ఒక్కరే మిగలబోతున్నారు. మనిషి కావాలన్న ఆత్రంలో మార్పులను అసలు కోడ్‌లో కలిపే, అంటే మెర్జ్ చేసే, అధికారం మాత్రం తొందరపడి ఇవ్వకండి. పని ఇవ్వడం వేరు, తాళంచెవి ఇవ్వడం వేరు.

పుత్తూరు పాప

పండిట్ సార్, మీ నోటు పుస్తకం ఫోటోలు తీసి పంపితే నేను టైప్ చేస్తాను. మాది కూడా ఉర్లగడ్డే. మా హాస్టల్‌లో పలమనేరు అమ్మాయిలు ఇద్దరున్నారు, అర్థం కాని చోట వాళ్లను అడుగుతాను.

రిటైర్డ్ తెలుగు పండిట్, చిత్తూరు

సంతోషం పాపా. ఈ రాత్రికే తీయిస్తాను. ఒక సందేహం, 'ఉర్లగడ్డ', 'ఉర్లగడ్డలు', 'ఉర్లగడ్డలతో' అన్నీ విడివిడిగా రాయాలా?

రేణిగుంట జంక్షన్

అక్కర్లేదు సార్. మూలం ఒక్కటే చాలు. పదాల ఫైల్‌లో మాట పక్కన ఒక గుర్తు పెడతాం, ఏకవచనం నుంచి బహువచనం, విభక్తులు అన్నీ నియమాల ఫైల్ చూసుకుంటుంది. మీరు చెప్పాల్సింది ఇంకొకటుంది, బహువచనం మామూలుగా రానివి ఏవో. 'ఇల్లు' 'ఇళ్లు' అయినట్టు. అలాంటివాటి పక్కన చుక్క పెట్టండి. అది మాకు తెలియదు, మీకే తెలుస్తుంది.

మాటలకు గిట్ అక్కర్లేదని నేనూ ఒప్పుకుంటున్నాను. ఒక ఫారం పెడదాం, మాట, అర్థం, ఏ ఊరు. ఫారం నేను చేస్తాను. కానీ లోపాలను పాఠాల కోసం అట్టిపెట్టడం మీద నా మాట మారలేదు. కావాలంటే పదిహేను రోజులు గడువు పెట్టుకుందాం. ఆ లోపు ఎవరైనా తీసుకుంటే వాళ్లది, లేకపోతే మేమే దిద్దేస్తాం.

స్వర్ణముఖి

పదిహేను నాకు తక్కువనిపిస్తుంది, పరీక్షల సమయంలో పిల్లలకు నెల కూడా చాలదు. దీని గురించి మళ్లీ మాట్లాడదాం. ఏ పుల్ రిక్వెస్ట్‌కైనా రెండు రోజుల్లో మొదటి జవాబు మాత్రం నేను ఇస్తాను. చూడటానికి తీరిక లేకపోతే "అందింది, ఆదివారం చూస్తాను" అనైనా రాస్తాను. డిసెంబర్‌లో కాలేజీకి వెళ్లేముందు ఇన్‌స్టాల్ చేసే పద్ధతి తెలుగులో రాసి, 4 జీబీ ల్యాప్‌టాప్‌లో నేనే ఒకసారి నడిపి చూస్తాను. సర్టిఫికెట్ ఇద్దాం, కానీ మెర్జ్ అయిన పనికి, లేదా జాబితాలో చేరిన మాటలకు.

పుత్తూరు పాప

ఆ 'లోనే' ఇంకా అలాగే ఉంది కదా అన్నా? నియమాల ఫైల్‌లో ఒక వరుస చేర్చి ఇప్పుడే పంపాను. కానీ నా దగ్గర 'తిరుపతిలోనే'కు ఇంకా ఎర్రగీత వస్తోంది.

రేణిగుంట జంక్షన్

చూశాను. వరుస సరిగ్గానే ఉంది. ఆ గుంపు మొదట్లో ఎన్ని నియమాలున్నాయో ఒక సంఖ్య ఉంటుంది చూడమ్మా, ఇప్పుడు 14 ఉంది. నువ్వొకటి చేర్చావు కాబట్టి 15 చేయి. నేను 11 దాకా మేలుకునే ఉంటాను, మార్చి పంపితే ఈ రాత్రే చూస్తాను.