బగ్ దొరికేదాకా కుర్చీ వదలకూడదా?

మొదటి ఉద్యోగం:
సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలైంది. రాత్రయినా సరే, బగ్ (ప్రోగ్రాములో తప్పు) దొరికేదాకా లేవకూడదు, అప్పుడే పని వస్తుందంటారు మా లీడ్. పోయిన వారం ఒక రిపోర్టులో కొన్ని బిల్లులకు ముందురోజు తేదీ పడింది. రాత్రి రెండింటిదాకా డేటాబేస్ నుంచి బిల్లులు తెచ్చే క్వెరీ తిరగరాస్తూనే ఉన్నాను. దొరకలేదు సరికదా, బాగున్న రెండు చోట్లు పాడుచేశాను. పొద్దున బస్సులో స్నేహితురాలికి చెబితే, "తేదీ తప్పిన బిల్లులు ఏ టైములో కొట్టినవి?" అనడిగింది. వెళ్లి చూస్తే అన్నీ అర్ధరాత్రి నుంచి ఐదున్నరలోపువే. సర్వర్ యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంది, మన టైము దానికన్నా ఐదున్నర గంటలు ముందు. మనకి తేదీ మారినా సర్వర్‌లో ఇంకా ముందురోజే. మరి ఆ రాత్రంతా నేను చేసిందేమిటి?

పదిహేనేళ్ల జావా:
లీడ్‌ని తప్పుపట్టకండి. ఇప్పుడు వచ్చేవాళ్లు పావుగంట చూసి ఏఐని అడిగేస్తున్నారు, ఎర్రర్ మెసేజ్ పూర్తిగా చదవరు. నేను అమీర్‌పేటలో కోర్సు చేసి, రాత్రుళ్లు కూర్చునే నేర్చుకున్నాను.

రాత్రి షిఫ్టు:
ఎర్రర్ పూర్తిగా చదవాలన్నది నిజం అన్నా. కానీ నిద్రమత్తులో చదివింది బుర్రకెక్కదు. గంటసేపు పని కదలకపోతే నేను నోట్‌బుక్ తీస్తాను. ఏం అనుకున్నాను, ఏం చూశాను, ఏది కాదని తేలింది, ఈ మూడే రాస్తాను. పేరున్న కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్ అంతటాయన 1978 నుంచి, పుస్తకాల అచ్చుకూర్పు కోసం తాను రాసిన టెక్ (TeX) సాఫ్ట్‌వేర్‌లో తన తప్పులన్నీ రాసిపెట్టుకుని, 1989లో అచ్చువేయించారు. నిన్న పనిచేసింది ఇవాళ పాడైతే, ఏ మార్పుతో పాడైందో వెతికిపెట్టే గిట్ బైసెక్ట్ కమాండ్ వాడండి. వెయ్యి కమిట్లున్నా (సేవ్ చేసిన కోడ్ మార్పులు) సగానికి సగం తగ్గించుకుంటూ పోతే పది పరీక్షల్లో తేలిపోతుంది.

పదిహేనేళ్ల జావా:
ప్రొడక్షన్‌లో, అంటే జనం వాడుతున్న సిస్టంలో పేమెంట్లు ఆగిపోతే? అప్పుడూ నోట్‌బుక్ తీస్తావా?

రాత్రి షిఫ్టు:
అప్పుడు ముందు పాత వెర్షన్‌కి తిప్పేస్తాను, కారణం పొద్దున వెతుకుతాను. డేటాబేస్ మార్పులు కూడా వెళ్లిపోయి ఉంటే అంత తేలిగ్గా తిప్పలేం. అప్పుడు మీరన్నట్టే కూర్చోవాలి, ఒప్పుకుంటాను. కానీ ఒంటరిగా వద్దు. ఒకరు కమాండ్ కొడుతుంటే ఇంకొకరు చదవాలి. తెల్లవారుజామున మూడింటికి డిలీట్ కమాండ్‌లో, ఏవి చెరపాలో చెప్పే వేర్ (WHERE) రాయడం మర్చిపోయినవాళ్లని నేను చూశాను. అది లేకపోతే టేబుల్‌లో ఉన్నవన్నీ చెరిగిపోతాయి. ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

మొదటి ఉద్యోగం:
ఆ బగ్ గురించి ఐదు లైన్లు రాసి మా లీడ్‌కి పంపాను. రాత్రి పన్నెండున్నర బిల్లుతో ఒక టెస్టు కూడా పెట్టమన్నారు. ఇప్పుడు అదే రాస్తున్నాను.